చచ్చినవాడి బండి

మెర్విన్‌కి రెక్స్ అంటే పడదు. రెక్స్ పోయి అయిదేళ్లయింది, అయినా పడదు. బతికున్నవాడితో అయితే క్లబ్బులో బీరు తాగుతూ ఓ మాట అని తేల్చుకోవచ్చు, పోనీ ముఖం తిప్పుకుని పోవచ్చు. చచ్చినవాడితో ఏం తేల్చుకుంటాం? చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అన్నారా! క్వార్న్ ఊళ్లో ఎవరిని కదిపినా రెక్స్ అంతటివాడు లేడనేవాళ్లే. అంత ఎత్తు, అంత గుండె, అంత పనితనం. పైగా మెర్విన్ పెళ్లి చేసుకున్నది ఆ రెక్స్ పెళ్లాన్ని.

నోలాని చేసుకునేనాటికి మెర్విన్‌కి అరవై దాటాయి. అంతవరకూ పెళ్లి ఊసే లేదు. తీరికేదీ? తెల్లవారకముందే లేచి రొట్టెలు కాల్చడం, దీపాలు పెట్టేవేళకి మంచమెక్కడం, ఆ బేకరీలోనే జుట్టు నెరిసింది, పొట్ట పెరిగింది. బేకరీ అమ్మేశాక ఊసుపోక, పచ్చిక మీద బంతులు దొర్లించి ఆడే బౌల్స్ క్లబ్బుకి వెళ్లి, నోలా జట్టులో రెండు ఆటలు ఓడిపోయి, మూడో ఆటకి మనసిచ్చేశాడు. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకుంటుంది. పెళ్లయ్యాక ఆవిడ ఇంట్లోనే కాపురం పెట్టారు. హాల్లో రెక్స్ ఫొటోలు రెండున్నా మెర్విన్ పట్టించుకోలేదు, మనిషన్నాక ఫొటోలుంటాయి. అతని ప్రాణం తోడేసిందల్లా పెరటి షెడ్డులో ఉన్న ట్రూపీ.

ట్రూపీ అంటే పొడుగు ఒళ్లున్న పాతకాలపు పెద్ద జీపు. ఎర్రమట్టి దారుల్లో తిరిగేవాళ్లు దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటారు. రెక్స్ దాని వెనక సీట్లు పీకేసి, తన చేత్తో చెక్కపడక కట్టాడు. పడక కింద సొరుగులు, సొరుగుల వెనక నీళ్ల ట్యాంకు, వెనక తలుపుకి మడతపెట్టే వంటబల్ల. ఇరవై ఏళ్లపాటు ప్రతి చలికాలం వాళ్లిద్దరూ ఆ బండిలోనే, చలి లేని ఉత్తరాదికి పోయి, ఆ పడక మీదే పడుకుని, అక్కడ ఎండలు ముదిరాక ఇంటికొచ్చేవారు. పడక రెక్స్ కొలతకి కట్టింది. మెర్విన్ ఒకసారి ఎవరూ చూడకుండా ఎక్కి పడుకుంటే, కాళ్ల కింద ఇంకో మూరెడు బల్ల మిగిలిపోయింది. ఆ రోజు అతనికి అన్నపానాలు సహించలేదు.

సవతి పోరు ఆడవాళ్లకే అనుకుంటారు గానీ మగవాడికొస్తే ఇంకా అధ్వానం. ఆడది నోరు విప్పి నాలుగు తిట్టి ఊరుకుంటుంది. మగవాడు "ఏం లేదు, కాస్త తలనొప్పి" అంటాడు. మెర్విన్‌కి పెళ్లయి ఏడాది, ఆ ఏడాదంతా తలనొప్పే.

ఈ చలికాలం ఉత్తరాదికి పోదామన్న మాట మాత్రం అతని నోటి నుంచే వచ్చింది. పుట్టి బుద్ధెరిగి పోర్ట్ అగస్టా దాటి అవతల ఏముందో చూడలేదు పాపం. ఎడారి మధ్యనుంచి పోయే ఊడ్నడాటా మట్టిదారి పట్టుకుని ఆలిస్ ఊరి దాకా, ఓపికుంటే ఇంకా పైన కింబర్లీ దాకా పోదామన్నాడు. నోలా ముఖం విప్పారింది. అదే రోజు షెడ్డు తలుపులు బార్లా తెరిచి, ట్రూపీకి నూనెలు మార్చింది, బెల్టులు చూసింది, ఫిల్టర్ దులిపింది. మెర్విన్ గడపలో నిలబడి చూశాడు. ఆవిడ చేతులు ఆ బండి మీద తిరిగినంత ప్రేమగా తన వీపు మీద ఎప్పుడైనా తిరిగాయా అని లెక్క వేసుకున్నాడు.

ఏ బండిలో పోవాలన్నది అసలు ప్రశ్నే కాదన్నాడు పక్కింటి డగ్గీ. డగ్గీ రెక్స్‌కి ప్రాణస్నేహితుడు, అందుకే మెర్విన్‌కి పక్కలో బల్లెం. కంచె మీద మోచేతులు ఆనించి మొదలుపెట్టాడు.

"ఏ బండేంటోయ్? షెడ్డులో బంగారం పెట్టుకుని ఊరంతా వెతుకుతావా? కంప్యూటర్లు లేవు, నసుగుడు లేదు. దారిలో మొరాయించిందనుకో, ఏ పశువుల ఫారం వాడైనా ఒక స్పానరుతో లేపి కూర్చోబెడతాడు. అయినా మొరాయించదులే. రెక్స్ కట్టిన బండి అది."

ఆ చివరి మాట పుండు మీద కారం చల్లినట్టయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర మెర్విన్ ట్రూపీ మీద నేరాలన్నీ ఏకరువు పెట్టాడు. ఎక్కాలంటే నిచ్చెన కావాలి. ఏసీ లేదు. పడక రాయి. లోపల నిలబడితే మెడ విరుగుతుంది. ఈ ఆఖరుది నోలాకి నవ్వు తెప్పించింది, ఎందుకంటే మెర్విన్ తల, రెక్స్ తన ఎత్తుకి లేపించిన ఆ కప్పుకి తగలడానికి ఇంకా జానెడు ఎత్తు ఎదగాలి. నీకు నచ్చిన బండ్లు కూడా చూద్దాం పద అంది శాంతంగా. ఆ శాంతమే మెర్విన్‌కి నచ్చలేదు. పందెం గెలుస్తానని తెలిసినవాళ్లే అంత శాంతంగా ఉంటారు.

వారం వారం అడిలైడ్ పోయి బండ్ల దుకాణాలు తిరిగారు. తెల్లగా, నున్నగా, లోపల స్నానాల గదులు, ఓవెన్లు, మీట నొక్కితే తనంతట తనే దిగే పడకలు. మెర్విన్ కళ్లు చెదిరిపోయేవి. నోలా మాత్రం లోపలికి వెళ్లకుండా ముందు నేల మీద వంగి బండి పొట్ట చూసేది. వెనకభాగం కిందికి ఇంత వేలాడుతుంటే వాగు గట్టు ఎక్కేటప్పుడు ఆనుకోదా? నీళ్లు ఎన్నాళ్లకి సరిపోతాయి? రెండో స్టెప్నీ ఎక్కడ? ఈ మీటలన్నీ దుమ్ముకి పనిచేయకపోతే పడక చేత్తో దించుకోవచ్చా? అమ్మేవాళ్లు నీళ్లు నమిలేవారు. ఆవిడ అడిగింది న్యాయమైన మాటలే. కానీ మెర్విన్ చెవికి ప్రతి మాటా రెక్స్ గొంతుతోనే వినిపించేది. ఈవిడకి ఇవన్నీ ఎవరు నేర్పారు? ఇంకెవరు!

ఒక మధ్యాహ్నం టీ తాగుదామని పిలవడానికి షెడ్డుకి వెళ్లాడు. నోలా ట్రూపీలో కూర్చునుంది. తన సీట్లో కాదు, స్టీరింగు ముందు, రెక్స్ సీట్లో. రెండు చేతులూ స్టీరింగు మీద వేసి, కళ్లు మూసుకుని ఉంది. పెదవి చివర చిన్న నవ్వు. పెళ్లిరోజున కూడా మెర్విన్ ఆ నవ్వు చూడలేదు. పిల్లిలా వెనక్కి వచ్చేశాడు. టీ చల్లారిపోయింది. వంటింట్లో ఒక్కడే నిలబడి, చచ్చినవాడి సీట్లో కూర్చుని చచ్చినవాడిని తలుచుకునే పెళ్లాంతో తన కాపురం ఏమిటని కుమిలిపోయాడు. మట్టిబొమ్మయినా సవతి సవతే అంటారు. ఇది ఇనపబొమ్మ, నాలుగు చక్రాలు కూడా ఉన్నాయి.

అప్పుడే అతని మనసులో ఒక మాట గట్టిపడింది. ఆ బండి ఇంట్లో ఉన్నన్నాళ్లూ తను ఈ ఇంటికి చుట్టమే, మొగుడు కాదు. ఆరునూరైనా అది పోవాలి.

మరుసటి వారం క్లబ్బు పని మీద వెళ్తున్నానని చెప్పి అడిలైడ్ వెళ్లాడు. బేకరీ అమ్మిన సొమ్ములో పెద్ద ముక్క విరిచి, తెల్లటి వ్యాను కొనుక్కొచ్చాడు. ఇంజను నాలుగు చక్రాలనీ తిప్పేది, మెత్తటి పడక ఉన్నది, పక్కన నీలం గీత. ఇంటి ముందు ఆపి హారను కొట్టాడు. నోలా బయటికొచ్చి, చుట్టూ తిరిగి చూసి, ఆప్రానుకి చేతులు తుడుచుకుంది. నన్నడగలేదే అని ఒక్క మాట అంది. ఆశ్చర్యపరుద్దామని అన్నాడు మెర్విన్. ఆశ్చర్యంగానే ఉంది అంది ఆవిడ. కంచె అవతల డగ్గీ పెదవి చప్పరించిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

ఆ సాయంత్రం నోలా తన షరతు చెప్పింది. ఫ్లిండర్స్ కొండల వెనక, పశువుల ఫారాల మధ్య నుంచి పోయే దారిలో, పెద్ద వాగు దాటాక ఒక నీటిగుంట ఉంది. ఈ కొత్త బండిలో అక్కడికి పోయి ఒక రాత్రి పడుకుని రావాలి.

"పోయి, పడుకుని, ఎవరి సాయం లేకుండా తిరిగొస్తే ట్రూపీని అమ్మేస్తాను" అంది. "రాకపోతే ట్రూపీలోనే పోదాం. మళ్లీ ఈ మాట ఎత్తకూడదు."

మెర్విన్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఆ రాత్రి ఏడాది తర్వాత కంటినిండా నిద్రపోయాడు.

శనివారం పొద్దున్నే బయల్దేరారు. తారు దారి ఉన్నంతసేపూ వ్యాను వెన్నలా పోయింది. మెర్విన్ ఈలవేశాడు కూడా. మట్టిదారి మొదలయ్యాక బట్టలుతికే బల్లలా గట్లు కట్టిన రోడ్డు మీద బండి దడదడలాడింది. సొరుగులు తెరుచుకుని చెంచాలు నేలంతా పొర్లాయి. ఎర్రదుమ్ము ఏ సందులోంచి వస్తుందో గానీ తెల్లటి పరుపు మీద కుంకుమ చల్లినట్టయింది. నోలా ఏమీ అనలేదు. లేచి చెంచాలు ఏరింది, సొరుగులకి తాడు కట్టింది.

ఆ దారిలో గేట్లెక్కువ. ఒక ఫారం గొర్రెలు ఇంకో ఫారంలోకి పోకుండా ప్రతి సరిహద్దుకీ ఒకటి. నడిపేవాడు దిగడు. పక్కసీట్లో ఉన్నవాళ్లు దిగి, గొలుసు విప్పి, గేటు తీసి పట్టుకోవాలి. బండి దాటాక అది ముందెలా ఉందో అలాగే మూసి, మళ్లీ వచ్చి ఎక్కాలి. అక్కడి ఆచారం అంతే. ఈగలు మూగుతున్నా, ఎండ మాడ్చేస్తున్నా నోలా దిగుతూనే ఉంది. మెర్విన్ మాత్రం ప్రతిసారీ రాజావారి ఊరేగింపులా దాటి, అద్దంలో జుట్టు చూసుకుంటూ ఆవిడ కోసం ఆగాడు. ఒక గేటు దగ్గర గొలుసు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఆవిడ రాయితో కొట్టి విప్పడానికి చాలాసేపు పట్టింది. మెర్విన్ కిటికీ దించి, జాగ్రత్త, వేలు నలుగుతుంది అన్నాడు. తను ఎంత మంచి మొగుడో అని అతనికే ముచ్చటేసింది.

వాగు దగ్గరికొచ్చారు. నీళ్లు లేవు, గట్టు నుంచి గట్టుకి తెల్లటి ఇసుక, మధ్యలో నీలగిరి జాతి పెద్ద గమ్ చెట్లు. నోలా ముందుకి వంగి చూసింది.

"మెర్వ్, ఇక్కడ ఆపు. టైర్లలో గాలి సగానికి తగ్గించుకుని పోదాం."

మెర్విన్ ఆపలేదు. "రెక్స్ తగ్గించేవాడా?"

"ఇసుకలో ఎవరైనా తగ్గించాలి, లేకపోతే టైర్లు దిగబడతాయి."

"ఇది రెక్స్ తుక్కు బండి కాదు" అని, కాలు గట్టిగా నొక్కాడు.

బండి ఒక్క ఊపున దిగి, వాగు సగం దాకా పోయింది. అక్కడ ముక్కు కిందికి వాలి, చక్రాలు గిర్రున తిరగడం మొదలెట్టాయి. అప్పుడైనా కాలు తీయాల్సింది. రోషం తీయనిస్తుందా? ఇంకా నొక్కాడు. ఇసుక వెనక్కి ఎగిరింది, బండి మాత్రం కిందికే దిగింది. ఇరుసు ఇసుకలో ఆనుకున్నాక ఇంజను తనంతట తనే ఆగిపోయింది. చెట్ల మీద గల్లా కాకటూ చిలుకలు గోలగోలగా అరిచాయి. నోలా బెల్టు విప్పుకోలేదు, మాట్లాడలేదు, ఎదురుగా చూస్తూ కూర్చుంది.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపంటారే, అలా అయింది మెర్విన్ సంగతి. కూరుకుపోయినందుకు కాదు, ఆవిడ మౌనానికి ఒళ్లు భగ్గుమంది. ఆ మౌనం నిండా రెక్సే ఉన్నాడనిపించింది.

"అనెయ్, లోపల దాచుకోకు" అన్నాడు. "రెక్స్ అయితే ఇలా కూరుకుపోయేవాడు కాదు. అంతేగా నువ్వు అనుకునేది?"

"రెక్స్ కూరుకుపోయింది ఇక్కడే" అంది నోలా.

ఆవిడ చెట్ల వైపు వేలు చూపించింది.

"ఆ వంకర చెట్టుకి కాస్త ఇవతల. గాలి తగ్గించమని చెప్పాను. నీకేం తెలుసే అన్నాడు. చీకటి పడేదాకా తవ్వుతూనే ఉన్నాం, ఎక్కువ తవ్వింది నేనే. అతని నడుం పట్టేసింది. ఊరికెళ్లి డగ్గీకి వేరేలా చెప్పుకున్నాడు."

నిజం చెప్పొద్దూ, మెర్విన్‌కి ముందు కడుపులో పాలు పోసినట్టయింది. రెక్స్ కూరుకుపోయాడు! అంతటి రెక్స్, నడుం పట్టేసి, ఈ ఇసుకలో! ఊళ్లో టముకు వేయించాలనిపించింది. కానీ ఏడాదిగా లోపల కుళ్లుతున్నది అంత తేలిగ్గా ఊరుకోదు, దాని మాట అది అడిగించింది.

"మరి ఆ ట్రూపీ అంటే అంత ప్రాణం దేనికి? అతని సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని, నవ్వుకుంటూ... నేను చూశాను నోలా. ఇంకా అతన్నే తలుచుకుంటున్నావు. నేనున్నా లేనట్టే."

నోలా మొదటిసారి అతని వైపు తిరిగింది. ఆవిడకి కోపం వస్తే ఎలా ఉంటుందో మెర్విన్ అంతవరకూ చూడలేదు.

"అతన్ని తలుచుకుంటున్నానా?" అంది. "నడుపుతున్నాను మెర్వ్. షెడ్డులో, ఆపి ఉన్న బండిని నడుపుతున్నాను. ఇరవై ఏళ్లు దాంట్లో తిరిగాను. ఒక్క రోజు, ఒక్క మైలు నడపనివ్వలేదు. గేట్లు తీశాను, టీ కాశాను, మ్యాపు పట్టుకుని దారి చెప్పాను, చెప్పిన దారి వినకపోతే తిట్లు తిన్నాను. అతను పోయాక ఒకసారి ధైర్యం చేసి వీధి చివరిదాకా తీసుకెళ్లాను. డగ్గీ అడ్డం వచ్చి, రెక్స్ బండి పాడుచేస్తావా అన్నాడు. మళ్లీ తీయలేదు, సిగ్గేసింది."

ఊపిరి తీసుకోవడానికి ఆగింది. మెర్విన్ ఏమైనా అంటాడేమోనని కాదు.

"తర్వాత నువ్వొచ్చావు. రొట్టెలు కాల్చుకునేవాడు, బండ్ల సంగతి తెలియనివాడు, పెత్తనం లేనివాడు. హమ్మయ్య, ఇతనితో పోతే నేను నడపొచ్చనుకున్నాను. ఈ చలికాలం నిన్ను అడుగుదామని మాటలు కూడగట్టుకుంటున్నాను. నువ్వేం చేశావు? నాకు చెప్పకుండా బండి కొన్నావు. తాళాలు నీ జేబులో వేసుకున్నావు. పొద్దున్నించీ నాతో గేట్లు తీయిస్తున్నావు. గాలి తగ్గించమంటే కాలు నొక్కావు. అతని ఫొటో హాల్లో పెట్టుకున్నాను గానీ, ఇంకోసారి అతన్నే పెళ్లి చేసుకుంటాననుకోలేదు."

రెక్స్‌తో సమానం అనిపించుకోవాలని మెర్విన్ ఏడాదిగా చావని చావు చస్తున్నాడు. ఇదిగో, అయ్యాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అసూయ అనేది మనిషిని ఎంత గుడ్డివాణ్ణి చేస్తుందంటే, ఎవడి మీద పళ్లు నూరాడో సరిగ్గా వాడి అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ ఇంతదూరం వచ్చాడు. కళ్లనీళ్లు తిరిగాయి. ఇసుక పడిందన్నట్టు నలుపుకున్నాడు.

తాళాలు స్టీరింగు పక్కనే వదిలేసి దిగాడు. వెనకనుంచి పార తెచ్చుకుని మోకాళ్ల మీద కూర్చుని తవ్వాడు. రొట్టెల పిండి పిసికిన చేతులు, బలానికి లోటు లేదు. టైర్లలో గాలి ఎంత తీయాలని అడిగాడు. నోలా పక్కన కూర్చుని గాలి కొలిచే గేజీ పెట్టి చూపించింది, ఇంకా, ఇంకొంచెం, చాలు. నాలుగు చక్రాలకీ అలాగే చేశారు. ఇద్దరూ మాట్లాడుకున్న మాటలు అవే. తర్వాత ఆవిడ ఎక్కి స్టీరింగు ముందు కూర్చుంది. సీటు ముందుకి జరుపుకుంది, అద్దం తనకి తగ్గట్టు తిప్పుకుంది. బండిని మొదట కాస్త వెనక్కి నడిపి, అది వచ్చిన చక్రాల గాడిలోనే తొందరలేకుండా ముందుకి పట్టించింది. వ్యాను మూలిగింది, కదిలింది, ఇసుక మీద తేలి, అవతలి గట్టు నెమ్మదిగా ఎక్కింది.

మెర్విన్ పార భుజాన వేసుకుని రొప్పుకుంటూ గట్టెక్కాడు. అలవాటు చొప్పున స్టీరింగు వైపు తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. నోలా సీట్లోంచి కదల్లేదు. ఇంజను ఆడుతూనే ఉంది. మెర్విన్ బండి ముందునుంచి చుట్టూ తిరిగి వచ్చి, పక్కసీట్లో ఎక్కి కూర్చున్నాడు.

కొంత దూరం పోయాక మెర్విన్ అడిగాడు. "అయితే ఊడ్నడాటాకి ఏ బండిలో పోదాం?"

"ఏ బండైనా నాకొకటే" అంది నోలా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "అదైనా సరే, ఇదైనా సరే. నడిపేది మాత్రం నేను."

"ట్రూపీయే మంచిదేమో" అన్నాడు మెర్విన్ చిన్నగా. ఆ మాట అనడానికి అతనికి ప్రాణం పోయినంత పనైంది. పక్కనుంచి ఆవిడ ముఖం చూశాడు. ఆ నవ్వు మళ్లీ పెదవి చివర కనిపించింది. అది తన కోసం వచ్చిన నవ్వు కాదు, రెక్స్ కోసం వచ్చింది కూడా కాదు. ఒక్క క్షణం స్టీరింగు మీద కూడా కుళ్లు పుట్టింది, ఛీ అనుకుని కిటికీ వైపు తిరిగాడు.

ఎదురుగా ఇంకో గేటు వచ్చింది. నోలా బండి ఆపింది. మెర్విన్ కదలకుండా కూర్చున్నాడు, ఎవరో ఒకరు తీస్తారన్నట్టు. నోలా తొందరపెట్టలేదు, రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి ఎదురుచూసింది.

మెర్విన్ బెల్టు విప్పుకుని దిగాడు.